క్యూబుకు పట్టం, కవరుకు శఠగోపం

కాంక్రీటు గురించి మన దగ్గర అందరూ ఒప్పుకునే మాట ఒకటుంది: గట్టిగా ఉంటే కలకాలం ఉంటుంది. ఇల్లు కట్టుకునేవాడు సిమెంటు కొట్టుకు వెళ్ళి 53 గ్రేడే ఇవ్వమంటాడు. మేస్త్రీ ‘ఇంకో బస్తా పడితే తిరుగుండదు’ అంటాడు. కాంట్రాక్టరు ‘క్యూబులు పాసయ్యాయి సార్’ అని కాగితం చూపిస్తాడు. ఇంజనీరు ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి బిల్లు మీద సంతకం చేస్తాడు. మిగతా విషయాల్లో ఒకరినొకరు నమ్మని ఈ నలుగురూ ఈ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉంటారు.

ఆ ఏకాభిప్రాయమే మన కట్టడాలకు చేటు తెస్తోంది. బలం వేరు, మన్నిక వేరు. మొదటిదాన్ని కొలిచి రెండోదానికి పూచీ పడుతున్నాం. పాతికేళ్ళు నిండని అపార్టుమెంట్లకు సన్‌షేడ్ల కింద పెచ్చులూడటం, సముద్రం పక్క ఊళ్ళలో వాటర్ ట్యాంకుల స్తంభాలకు తుప్పు చారలు దిగటం, వేసిన ఏడాదికే సీసీ రోడ్డు అడ్డంగా చీలటం ఎవరికీ వింతగా తోచడం లేదు. వాటిలో చాలావాటి క్యూబులు నిక్షేపంగా పాసయ్యే ఉంటాయి.

క్యూబు పరీక్ష ఏమిటో దగ్గరగా చూద్దాం. 150 మిల్లీమీటర్ల ఇనుప అచ్చులో కాంక్రీటు నింపి, పద్ధతి ప్రకారం కూరి, మర్నాడు అచ్చు విప్పుతారు. ఆ దిమ్మను నీటి తొట్టెలో ముంచుతారు. ఆ నీరు 27 డిగ్రీల దగ్గరే ఉండాలి. రెండు డిగ్రీలకు మించి తేడా రాకూడదు. 28వ రోజున బయటికి తీసి, యంత్రం కింద పెట్టి నలిపి, ఎంత బరువుకు పగిలిందో రాసుకుంటారు. ఎం25 అంటే చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లు అన్నమాట.

అదే కాంక్రీటుతో అదే రోజు పోసిన స్లాబు సంగతేమిటి? పైన ఏప్రిల్ ఎండ. నీళ్ళు నిలపడానికి కట్టిన మడుల గట్లు మూడో రోజుకే బీటలిచ్చి నీరు పిట్టగోడ వెంబడి జారిపోయింది. స్తంభానికి చుట్టిన గోనెపట్టా పొద్దున తడిస్తే పది గంటలకల్లా ఎండిపోతుంది. సాయంత్రం దాకా దాని వంక చూసే నాథుడు లేడు. దూలం అడుగున కవరు బ్లాకుకు బదులు పెట్టిన కంకర రాయి వైబ్రేటరు అదురుకి పక్కకు దొర్లింది, చువ్వ సెంట్రింగ్ రేకు మీద కూర్చుంది. ఇవేవీ తొట్టెలో హాయిగా నానుతున్న ఆ దిమ్మకు తెలియవు. అది చెప్పేది ఒక్కటే: వచ్చిన మాలును సరిగ్గా కూరి, సరిగ్గా తడిపితే ఎంత బలం రాగలదో. కూరారా, తడిపారా అన్నది దాని పరిధిలో లేదు. దాన్ని పట్టుకుని కట్టడానికి హామీ ఇవ్వడం టెన్త్ మార్కుల జాబితా చూసి మనిషి ఆయుర్దాయం లెక్కగట్టినట్టే.

అసలు కాంక్రీటు కట్టడాలు ఎలా పోతాయి? బరువు మోయలేక నలిగిపోయేవి బహు అరుదు. ఎక్కువ భాగం లోపలి ఇనుము తుప్పు పట్టి పోతాయి. తాజా కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12.5కు పైమాటే. ఆ క్షారంలో ఇనుము మీద పలచని రక్షణ పొర ఏర్పడుతుంది. గాల్లోని బొగ్గుపులుసు వాయువు మెల్లగా లోపలికి దూరి ఆ క్షారాన్ని హరిస్తుంది. పీహెచ్ తొమ్మిది దగ్గరికి పడేసరికి పొర చెదురుతుంది. సముద్రతీరంలో ఉప్పుగాలి మోసుకొచ్చే క్లోరైడ్లకు అంత ఓపిక కూడా ఉండదు, క్షారం ఉండగానే పొరను అక్కడక్కడా పొడుస్తాయి. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు పెచ్చుగా లేచిపోతుంది.

గోవాలో మాండవి నది మీద 1970లో కట్టిన వంతెన 1986 జూలై 5న కూలిపోయింది. పదహారేళ్ళే బతికింది. లోపల బిగించిన ఉక్కు తీగలను తుప్పు తినేసింది. 28వ రోజు బలం ఆ తీగలను కాపాడలేకపోయింది, కాపాడటం దాని పని కూడా కాదు.

ఇనుముకూ బయటి ప్రపంచానికీ మధ్య ఉండేది కవరు అనే కాంక్రీటు పొర ఒక్కటే. ఇంటి స్లాబులో అది ఇరవై మిల్లీమీటర్లు, వానకు తడిసే దూలంలో ముప్పై, సముద్రపు గాలి తగిలే చోట 45. కట్టడం ఆయుష్షు ఈ రెండు మూడు వేళ్ళ మందంలోనే ఉంది. మన చేతిలో ఎక్కువగా పాడయ్యేది కూడా ఆ పొరే. ఎండ ముందు తాకేది దాన్నే. తడి అందక ఆగిపోయేది అక్కడే. కంకర దిగక తేనెపట్టులా బోలు పడేదీ చువ్వలకూ రేకుకూ నడుమ ఇరుకులోనే. పైన పటారం లోన లొటారం అంటారు. కాంక్రీటు విషయంలో సామెత తిరగబడింది: లోన పటారం, పైన లొటారం. నడిబొడ్డున కాంక్రీటు ఉక్కులా ఉండొచ్చు, దాంతో చువ్వకు ఒరిగేదేమీ లేదు.

కవరులో లెక్క చిన్నదే కాని కఠినమైనది. బొగ్గుపులుసు వాయువు లోపలికి చొచ్చుకుపోయే లోతు సుమారుగా కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ముప్పై మిల్లీమీటర్లు దాటడానికి నలభై ఏళ్ళు పట్టే కాంక్రీటులో, పదిహేను మిల్లీమీటర్లు దాటడానికి పదేళ్ళు చాలు. కవరు సగమైతే కాలం పావువంతు అవుతుంది. కాంక్రీటుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ఈ సంగతి ఎరిగే, కవరు పది మిల్లీమీటర్లు ఎక్కువైతే ఊరుకుంటుంది కాని, తగ్గడానికి ఒక్క మిల్లీమీటరు కూడా ఒప్పుకోదు. ఒక కంకర రాయి దొర్లితే పోయే ముప్పై ఏళ్ళను ఎన్ని అదనపు బస్తాలు పోసినా వెనక్కి తేలేం.

‘సరే, అదనపు సిమెంటు వల్ల నష్టమేముంది, మంచిదే కదా’ అంటారు. నష్టం ఉంది. సిమెంటు నీటితో కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ఎండేటప్పుడు కుంచించుకుపోతుంది. సిమెంటు పెరిగిన కొద్దీ రెండూ పెరుగుతాయి, రెండూ పగుళ్ళకే దారి తీస్తాయి. అమెరికాలో వంతెనల పైపలకల మీద జరిగిన పెద్ద పరిశోధన నివేదిక 1996లో వెలువడింది. పోసిన కొత్తలోనే అడ్డంగా చీలిన పలకలు ఆ దేశంలో లక్షకు పైగా ఉన్నాయని అది లెక్క చెప్పింది. కారణాల్లో ప్రధానంగా తేలినవి ఎక్కువ సిమెంటు, ఎక్కువ వేడి, బలం మరీ తొందరగా రావడం. మనం దేనికైతే ఎక్కువ డబ్బు పోసి కొంటున్నామో అదే అక్కడ నేరస్థుల జాబితాలో తేలింది. గట్టి కాంక్రీటుకు సాగే గుణం తక్కువ, కాబట్టి కుంచించుకుపోయేటప్పుడు సర్దుకోలేక చీలుతుంది. చీలిక పడ్డాక ఉప్పునీటికి కాంక్రీటు గట్టిదనంతో పని లేదు, తిన్నగా చువ్వ దగ్గరికే దారి దొరుకుతుంది. మన ప్రమాణం కూడా ఘనపు మీటరుకు 450 కిలోలకు మించి సిమెంటు వేయవద్దని పైహద్దు పెట్టింది. తక్కువ వేయొద్దనే హద్దు అందరికీ గుర్తుంది, ఎక్కువ వేయొద్దనే హద్దు మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది.

తొందరగా వచ్చిన బలం నిలకడగా ఉంటుందన్న నమ్మకానికి కూడా ఎప్పుడో గండి పడింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో విథీ అనే ఆచార్యుడు 1910లో, 1923లో, 1937లో కాంక్రీటు నమూనాలు పోసి బయట ఎండకూ మంచుకూ వదిలేసి, కాలక్రమాన పరీక్షించే ఏర్పాటు చేశాడు. యాభై ఏళ్ళ ఫలితాలు 1975లో అచ్చయ్యాయి. మొదటి రెండు విడతల సిమెంటు ముతకది, మెల్లగా గట్టిపడేది. దాని బలం యాభై ఏళ్ళ దాకా పెరుగుతూనే ఉంది. 1937 నాటి సిమెంటు మెత్తగా నూరినది, త్వరగా బలం ఇచ్చేది. అది పది నుంచి పాతికేళ్ళలో శిఖరానికి చేరి, తర్వాత కొంత వెనక్కి తగ్గింది. బర్కిలీలో పనిచేసిన పి.కె. మెహతా, బరోస్‌తో కలిసి 2001లో రాసిన వ్యాసంలో చూపింది కూడా ఈ దారే: నిర్మాణంలో తొందర పెరిగిన కొద్దీ సిమెంటు మెత్తబడింది, పగుళ్ళు పెరిగాయి, మన్నిక తరిగింది.

బలవాదులకు ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. నీరు-సిమెంటు నిష్పత్తి తగ్గితే బలమూ పెరుగుతుంది, లోపలి రంధ్రాలూ మూసుకుపోతాయి. రెంటికీ మూలం ఒకటే. కాబట్టి బలాన్ని కొలిస్తే మన్నికను కొలిచినట్టే కదా అంటారు. పైగా క్యూబు చవక, త్వరగా తేలుతుంది, ఏ ఊళ్ళోనైనా చేయొచ్చు, కోర్టులో నిలబడుతుంది.

డఫ్ ఏబ్రమ్స్ 1918లో చెప్పిన ఆ సూత్రంలో తప్పు లేదు. కాని సిమెంటు మారకుండా ఉన్నంతవరకే బలం మన్నికకు సాక్ష్యం చెప్పగలదు. సిమెంటు మారింది. 33 గ్రేడు రోజుల్లో అనుకున్న బలం రావాలంటే నీళ్ళు తగ్గించక గత్యంతరం లేదు, ఆ నిర్బంధం వల్లే కాంక్రీటు చిక్కగా ఉండేది, మన్నిక అడగకుండానే దొరికేది. 53 గ్రేడుతో అదే ఎం20, ఎం25 బలం ఇంకాస్త పలచటి మాలుతో కూడా వచ్చేస్తుంది. అంకె అదే, లోపలి రంధ్రాలు వేరు. బ్రిటన్‌లో కాంక్రీట్ సొసైటీ 1987లోనే దీనిమీద ప్రత్యేకంగా నివేదిక వేసింది: సిమెంటు మెరుగైందని మురిసిపోతుంటే, అదే బలానికి తక్కువ సిమెంటు, ఎక్కువ నీరు సరిపోయి కాంక్రీటు గుల్లబారుతోందని. అందుకే కొత్త ప్రమాణాలు బలంతో పాటు నిష్పత్తికి కూడా హద్దు గీశాయి. మన ఐఎస్ 456 ప్రకారం సాధారణ వానాకాలపు వాతావరణానికి 0.50, తీరప్రాంతపు తీవ్రతకు 0.45 దాటకూడదు. బలం ఒక్కటే చాలితే ఆ రెండో హద్దు ఎందుకు?

ఆ హద్దును సైటులో ఎవరు చూస్తున్నారు? ఒక బస్తా సిమెంటు 50 కిలోలు. నిష్పత్తి 0.50 అయితే నీళ్ళు 25 లీటర్లు. మాలు జారడం లేదని తట్టలు మోసేవాళ్ళు విసుక్కుంటారు, మేస్త్రీ ఓ బకెట్ పోయిస్తాడు. పది లీటర్లనుకుంటే నిష్పత్తి 0.70. తడి ఇసుకలో దాగిన నీళ్ళు దీనికి అదనం. సిమెంటు ముద్దలోని సూక్ష్మనాళాలు ఒకదానితో ఒకటి తెగిపోవడానికి ఎంతకాలం పడుతుందో పవర్స్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1959లో లెక్కగట్టారు. ఆనాటి సిమెంటుతో, తడి ఆరకుండా ఉంచితే, 0.45కు వారం, 0.50కి రెండు వారాలు, 0.60కి ఆరు నెలలు, 0.70కి ఏడాది. అది దాటితే ఎన్నాళ్ళు తడిపినా తెగవు. నేటి మెత్తటి సిమెంటుతో రోజులు కొంత తగ్గవచ్చు కాని వరస మారదు. ఒక్క బకెట్ రెండు వారాల పనిని ఏడాది పని చేసింది. ఏడాది పాటు తడిపే మొనగాడెవరు? ఈ లోగా క్యూబు అచ్చులు ఎప్పుడో నిండిపోయాయి. బకెట్ పడింది ఆ తర్వాత.

ఇక బూడిద సిమెంటు మీదున్న అపవాదు. ‘పీపీసీ అంటే బొగ్గు బూడిద కలిపిన కల్తీ సిమెంటు, పిట్టగోడలకూ ప్లాస్టరింగుకూ తప్ప స్లాబుకు పనికిరాదు’ అన్నది ఊరూరా వినిపించే మాట. కల్తీ చేసేవాడు బస్తా మీద చెప్పి చేయడు. పీపీసీలో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ కలపమని ప్రమాణమే చెబుతోంది, స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం దాకా ఇనుప కొలిమిలో మిగిలే స్లాగ్. సిమెంటు నీటితో కలిసినప్పుడు బలానికి పెద్దగా పనికిరాని సున్నం మిగిలిపోతుంది. బూడిదలోని సిలికా మెల్లగా ఆ సున్నంతో కలిసి, సిమెంటు తయారుచేసే జిగురు లాంటి దాన్నే తయారుచేసి రంధ్రాలను పూడుస్తుంది. ఇది వారాలూ నెలలూ పట్టే పని, 28 రోజుల తీర్పుకు అందదు. అందుకే తొందరపాటు పరీక్షలో బూడిద సిమెంటు వెనకబడినట్టు కనిపిస్తుంది. క్లోరైడ్లను ఆపడంలో దానిదే పైచేయి.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన చిట్కా కాదు. అమెరికాలో 1953లో పూర్తయిన హంగ్రీ హార్స్ డ్యాంలో లక్ష టన్నులకు పైగా ఫ్లై యాష్ వాడారు. హవాయి దీవుల్లోని కవాయిలో, బెంగళూరు దగ్గర చెక్కిన తెల్ల గ్రానైట్ రాళ్ళతో కట్టిన ఇరైవన్ శివాలయానికి 1999లో మెహతా రూపొందించిన పునాది పలకల్లో సిమెంటు కంటే బూడిదే ఎక్కువ. వెయ్యేళ్ళు నిలవాలన్నది కట్టించినవారి కోరిక. ఒక్కో పలక వంద అడుగులకు పైగా పొడవు, ఒక్క ఇనుప చువ్వ లేదు, పగులూ రాలేదు. మన పక్కనే రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి థర్మల్ కేంద్రాల బూడిద ఉంది, విశాఖ ఉక్కు స్లాగ్ ఉంది. తీరప్రాంతపు ఇంటికి కావలసిన మందు తీరంలోనే ఉండగా, దాన్ని కల్తీ అని తోసేసి 53 అంకె కోసం క్యూ కడుతున్నాం.

ఒక షరతు మాత్రం ఉంది. బూడిద సిమెంటు బద్ధకస్థుణ్ని క్షమించదు. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు తడి ఉండాలంటే, దీనికి పది, ఎండ తీవ్రంగా ఉంటే పద్నాలుగు రోజులు కావాలి. తడపకుండా వదిలేస్తే బొగ్గుపులుసు వాయువు దీన్ని మామూలు సిమెంటు కంటే త్వరగానే తొలుస్తుంది. నేరం తడపనివాడిది, నింద బూడిదది.

రోడ్లకు వద్దాం. ఉపాధి హామీ నిధులతో ఊరూరా సీసీ రోడ్లు వచ్చాయి, సంతోషమే. అక్కడా అదే పాట: గ్రేడు పెంచితే రోడ్డు నిలుస్తుందని. రోడ్డు పలక నలగదు, వంగి విరుగుతుంది. అందుకే రోడ్ల రూపకల్పనకు చూడాల్సింది వంపును తట్టుకునే బలం. దానికంటే ముఖ్యం పలక కింద ఏముందన్నది. 1958 నుంచి 1960 వరకు ఇల్లినాయిలో ఒట్టావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద రెండేళ్ళ పాటు లారీలు తిప్పి పరిశోధించారు. విఫలమైన కాంక్రీటు పలకలన్నిటిలోనూ ముందు జరిగింది ఒకటే: కింద నీరు చేరడం, చక్రం ఎక్కినప్పుడల్లా ఆ నీరు బురదను వెంటబెట్టుకుని అంచుల్లోంచి చిమ్మడం, పలక కింద ఖాళీ పడటం. ఖాళీ మీద వేలాడే పలక ఎం40 అయితేనేం, ఎం50 అయితేనేం? మన వీధుల్లో పక్క కాలువ లేకుండా, కింద సరిగా దిమ్మిస కొట్టకుండా, నల్లా కనెక్షన్ తవ్విన గుంట మీదే పోసేసి, జాయింటు కోత మిషను మూడో రోజుకు తెప్పిస్తే పలక తన జాయింటును తానే కోసుకుంటుంది, మనకు నచ్చిన చోట కాదు, దానికి నచ్చిన చోట. కోయాల్సింది పోసిన కొన్ని గంటల్లోనే, మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు. ఇందులో క్యూబు చెప్పేదేముంది?

మరైతే ఏం కొలవాలి? కట్టడాన్నే కొలవాలి. స్విట్జర్లాండ్ ప్రమాణాలు పూర్తయిన కట్టడం మీదే యంత్రం ఆనించి, కవరు కాంక్రీటులోంచి గాలి ఎంత సులువుగా దూరుతోందో చూడమంటాయి. దక్షిణాఫ్రికా జాతీయ రహదారుల సంస్థ కవరు లోతునూ, కవరు కాంక్రీటు నాణ్యత సూచికలనూ తన ఒప్పందాల్లోకి తెచ్చింది. మనకు అంత దూరం కూడా అక్కర్లేదు. కవరు మీటరు చేతిలో పట్టే పరికరం, సెంట్రింగ్ విప్పిన రోజే ఒక పూటలో దూలాలన్నీ చూసేయొచ్చు. దాని అంకెలు బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకంలో (ఎం-బుక్కులో) ఎక్కాలి, కవరు తగ్గిన చోట బిల్లు తగ్గాలి. ఇవాళ మన రేట్ల పట్టికల్లో తడపడం ‘క్యూరింగ్ వగైరా అన్నీ కలిపి’ అనే తోకలో దాక్కుంది. డబ్బు విడిగా లేని పనికి మనిషి విడిగా ఉండడు. క్యూరింగును వేరే ఐటముగా రాసి, రోజువారీ తనిఖీతో విడిగా చెల్లించాలి. బకెట్ నీళ్ళు పోసిన లారీని వెనక్కి పంపే అధికారం సైటులో ఉన్న చిన్న ఇంజనీరుకు ఇవ్వాలి, వాడినప్పుడు అతని వెనక పెద్ద ఇంజనీరు నిలబడాలి.

సొంతిల్లు కట్టుకునేవాళ్ళు 53 కోసం పట్టుబట్టే పట్టుదలలో సగం కవరు బ్లాకుల మీద పెడితే చాలు. స్లాబు పోసేరోజు పొద్దున్నే చువ్వల కింద చెయ్యి పెట్టి చూడండి. నీళ్ళ డ్రమ్ము పక్కన కొలత డబ్బా ఉందో లేదో చూడండి. మేస్త్రీకి ఇచ్చే చివరి వాయిదాను పద్నాలుగో రోజు తడికి ముడిపెట్టండి.

క్యూబును పారేయమని ఎవరూ అనడం లేదు. మాలు తెచ్చినవాడు మోసం చేశాడో లేదో పట్టడానికి అది పనికొస్తుంది, ఆ పనికి దాన్ని ఉంచుకుందాం. కట్టినవాడి పని మీద తీర్పు చెప్పే కుర్చీ మాత్రం దానిది కాదు. బిల్లు దేనికి చెల్లిస్తే పని దానికే జరుగుతుంది. దశాబ్దాలుగా మనం దిమ్మ బలానికి చెల్లించాం, దిమ్మలు అద్భుతంగా వచ్చాయి. ఇకనైనా కవరుకూ తడికీ చెల్లించడం మొదలుపెడితే కట్టడాలు వస్తాయి.